దొరగారికి పురుగు కనబడే దాకా

ఒక పెద్ద అడవిలో పులి లేదు. ఉన్న ఒక్క పులికీ పక్క అడవికి బదిలీ అయింది. ఆ ఖాళీలో ఇంకా ఎవరినీ వేయలేదు కనుక, ఇన్‌చార్జి హోదాలో అడవిదున్న దొరగారే రాజ్యం నెట్టుకొస్తున్నారు. ఆయనకు కొమ్ములు పెద్దవి, చూపు చిన్నది.

ఆ అడవిలో వాగు పక్కన ఒక కంది చేను ఉండేది. ఎండాకాలం ఆకూ అలమూ మాడిపోతే తినడానికని అందరూ కలిసి వేసుకున్న చేను. అందరూ కలిసి అంటే, దుక్కి గీరింది చెవులమ్మ అనే కుందేలు, విత్తింది చెవులమ్మ, కలుపు తీసింది చెవులమ్మ. మిగిలినవాళ్ళు కలిశారు.

పోయినేడు ఆ చేనుకు పచ్చపురుగు పట్టింది. పురుగు పట్టిందనగానే అడవి సభ వారు హడావుడి పడిపోయి, కోతుల చేత మనుషుల ఊళ్ళోంచి ఒక మందు డబ్బా తెప్పించారు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది. మందు తయారు చేసినాయన ఫొటో కాబోలనుకుని దొరగారు దానికి నమస్కారం కూడా పెట్టారు. తరవాత డబ్బాకు డబ్బా చేలో కుమ్మరించారు.

ముందు సాలీళ్ళు పోయాయి. తరవాత కప్పలు, తేనెటీగలు, ఎర్రగా గుండ్రంగా ముద్దొచ్చే అక్షింతల పురుగులు పోయాయి. పచ్చపురుగులు మాత్రం కాసేపు తల తిరిగి పడుకుని, లేచి మూతి తుడుచుకుని, "కాస్త ఘాటుగా ఉంది గానీ బానే ఉంది" అన్నాయి. వాటి పిల్లలైతే ఆ మందు చల్లందే ఆకు ముట్టమని మారాం చేశాయి. ఆ ఏడు అడవిలో కందిపప్పు అన్న మాట వినబడలేదు.

అందుకని ఈ ఏడు సంస్కరణ చేద్దామనుకున్నారు.

సంస్కరణ తెచ్చింది ఒక కాకి. ఊరి పొలాల్లో రైతులందరినీ గట్టు మీద కూర్చోబెట్టి ఆఫీసర్లు పురుగుల సంగతి నేర్పే పొలంబడి ఒకటి జరుగుతుంటుంది. ఆ బడి ముగిశాక కారప్పూస పంచుతారు. కాకి కారప్పూస కోసం వెళ్ళి, అది వచ్చేదాకా వేరే పని లేక పాఠం విన్నాడు. అప్పట్నుంచీ అందరూ ఆయన్ని పొలంబడి కాకిగారు అంటున్నారు. ఆయనా కాదనలేదు.

సభలో కాకిగారు గొంతు సవరించుకున్నారు.

"పురుగుని చూడగానే గంగవెర్రులెత్తకూడదండీ. రోజూ చేలో తిరిగి చూడాలి. కాస్త తింటే తిననివ్వాలి. ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటితేనే మనం దిగాలి. గట్టు మీద బంతి మొక్కలు వేస్తే పురుగు సగం అక్కడికే పోతుంది. పురుగుని తినేవాళ్ళు మన చుట్టాలు, సాలీడూ కప్పా పిట్టా. వాళ్ళని రానివ్వాలి. మందు అన్నిటికంటే ఆఖరున."

"ఆఖరు అంటే ఎప్పుడు?" అన్నారు దొరగారు.

"అది చెప్పే సమయానికి కారప్పూస వచ్చిందండీ."

సభలో సగం మంది కునుకు తీస్తున్నారు. బుట్టల్లో ఆడ రెక్కపురుగు వాసన పెట్టి వేలాడదీస్తే మగ రెక్కపురుగులు వచ్చి చిక్కుకుంటాయని కాకిగారు చెప్పినప్పుడు ఒక్క పునుగుపిల్లి మాత్రం తల ఎత్తింది. ఆయన సభకు కార్యదర్శి, పేరు పునుగప్ప. ఆయన వచ్చే ముందే ఆయన వాసన వస్తుంది, వెళ్ళాక కూడా కూర్చునే ఉంటుంది.

"వాసన విభాగం నాకు వదిలేయండి" అన్నాడు పునుగప్ప.

వదిలేశారు. తరవాత ఆయన బుట్టలకు ఒళ్ళు రాసి వచ్చాడు. మగ రెక్కపురుగు ఒక్కటీ రాలేదు. పక్క అడవి నుంచి ఆడ పునుగుపిల్లులు మాత్రం వరసగా వచ్చి వాకబు చేసి వెళ్ళాయి. అది వేరే కథ.

"ఇంకొకటండీ" అన్నారు కాకిగారు. "చేలో అక్కడక్కడా కొయ్యలు పాతుతారు. నిలువుగా ఒక కర్ర, దాని నెత్తిన అడ్డంగా ఒక కర్ర. పిట్టలు దాని మీద కూర్చుని, పురుగు కనబడగానే దిగి తిని, మళ్ళీ ఎక్కుతాయి."

సభ మొత్తం ఒక్కసారి మేలుకుంది.

"కూర్చునా?" అన్నాడు అడవిపంది.

"కూర్చునేనండీ."

"ఎత్తు మీదా?" అన్నాడు నెమలయ్య.

"ఎత్తు మీదే."

"అందరికీ కనబడేలాగా?"

"చేను మధ్యలో కదండీ, కనబడకుండా ఎలా ఉంటారు?"

పథకం చప్పట్ల మధ్య ఆమోదం పొందింది. పురుగుల పర్యవేక్షణ శాఖ పుట్టింది. కొయ్యలకు అర్హులైనవారు వచ్చి తమ యోగ్యత నిరూపించుకోవాలని అడవంతా చాటించారు.

ఆ చాటింపు పోలి చెవిన పడింది.

పోలి పసులపోలిగాడు జాతి పిట్ట. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, తోక కత్తెరలాగా చీలి ఉంటుంది. ఒక్కచోట కాలు నిలవదు, ఒక్క మాట మీద మనసు నిలవదు. గాల్లో గిరికీ కొట్టి ఎగిరే పురుగుని పట్టడం, డేగ గొంతుతో అరిచి కాకుల్ని హడలగొట్టడం, గోరింకల్లాగా గోరింకలకంటే బాగా కూయడం, అన్నీ తనకు తానే నేర్చుకుంది. అడవి అంచున మేతకొచ్చే గేదెల వీపు మీద కూర్చుంటుంది. గేదె అడుగేస్తే గడ్డిలోంచి పురుగు లేస్తుంది, లేచిన పురుగు పోలి నోట్లో పడుతుంది. కడుపుకి లోటు లేదు. లోటల్లా వేరే చోట ఉంది.

ఎదురు కొమ్మ మీద ఉండే పావురం పిన్ని కనబడిన ప్రతిసారీ అడిగేది. "ఏం చేస్తున్నావే పిల్లా ఇప్పుడు?"

"గేదె మీద కూర్చుంటున్నాను పిన్నీ."

"ఇంకా అదేనా? గేదె పర్మనెంటు చెయ్యలేదూ?"

ఆ మాట పోలి గుండెల్లో ముల్లులాగా ఉండిపోయింది. గూట్లో అప్పుడే పిల్లలు లేచాయి. నోరు తప్ప ఇంకేమీ లేని పిల్లలు. "వీళ్ళు పెద్దయ్యాక మీ అమ్మ ఏం చేసేది అని ఎవరైనా అడిగితే ఏం చెప్పుకుంటారయ్యా?" అని మొగుణ్ణి అడిగింది.

మొగుడి పేరు కత్తెరయ్య. తిండి ధ్యాస తప్ప వేరే చింత లేనివాడు. "మా నోట్లో పురుగులు పెట్టేది అని చెప్పుకుంటారు" అన్నాడు.

"నీకు ఎదుగుదామనే ఆలోచనే లేదు" అని పోలి రెక్క దులుపుకుని ఇంటర్వ్యూకి పోయింది.

పునుగప్ప రాతిపలక వెనక కూర్చుని ఉన్నాడు.

"ఏం చేస్తుంటావమ్మాయ్?"

"పురుగులు తింటానండీ."

"అది పని కాదు, అలవాటు. ఎక్కడ శిక్షణ పొందావు?"

"ఎక్కడా లేదండీ. నాకు నేనే నేర్చుకున్నాను."

"నీకు నువ్వే నేర్పుకుంటే మరి పరీక్ష పెట్టిందెవరు?"

"ఆకలండీ."

"ఆ ఆకలి గారి చేత ఏమైనా రాయించుకొచ్చావా?"

పోలి ముఖం మాడిపోయింది. వెనక వరసలో నెమలయ్య కిసుక్కున నవ్వాడు. పునుగప్ప జాలిపడి, "పోనీ, ఇంకేమైనా వచ్చా?" అన్నాడు.

పోలి ఉడుకుమోత్తనంతో డేగ అరుపు అరిచింది. పునుగప్ప పలక కిందికి దూరాడు. నెమలయ్య పొదలోకి దూరాడు. కాసేపటికి పునుగప్ప తల మాత్రం బయటపెట్టి, "నువ్వు పనికొస్తావు" అన్నాడు. "కొయ్యలు లేని పిట్టలు ఊరికే చేలో దిగి తినకుండా తరమడానికి ఎవరో ఒకరు ఉండాలి."

కొయ్యలు పాతారు. హోదాని బట్టి ఎత్తు. అన్నిటికంటే పొడుగు కొయ్య నెమలయ్యది. దాని మీద కూర్చుంటే చేనే కాదు, పక్క అడవి కూడా కనబడుతుంది. కింద పురుగు మాత్రం కనబడదు. గుడ్లగూబకు పగటి డ్యూటీ వేశారు, ఆయన ఎక్కగానే నిద్రపోయాడు. ఆ నిద్రను నిశిత పరిశీలన అని అందరూ మెచ్చుకున్నారు. అడవిపంది తన జాతికి ఒక్క కొయ్యైనా దక్కకపోతే చేనంతా కుళ్ళగిస్తానంటే ఆయనకూ ఒకటి ఇచ్చారు. ఆయన ఎక్కలేడు కనుక దానికి వీపు రుద్దుకుంటూ విధులు నిర్వహించేవాడు.

పోలికి చేను చివర బురదలో పొట్టి కొయ్య ఇచ్చారు. అడ్డకర్ర కూడా ఒక పక్కకే ఉంది. అయినా అది కొయ్య. పోలి దాని మీద కూర్చుని, పావురం పిన్ని అటుగా ఎగిరేదాకా ఎదురుచూసి, "పిన్నీ! ఇక్కడ, ఇక్కడ! శాఖలో వేశారు" అని కేకేసింది.

పిన్ని కళ్ళు తిరిగి కొమ్మ మీద వాలింది. "నీ పిల్లలు అదృష్టవంతులే" అంది.

ఆ మాటకు పోలికి ఆకలి మర్చిపోయినంత పని అయింది. కానీ మధ్యాహ్నానికి ఆకలి గుర్తొచ్చింది. కింద కంది మొక్క మీద ఒక పచ్చపురుగు, తల కాయలో పెట్టి ఒళ్ళు బయట వదిలేసి, హాయిగా గింజ తింటోంది. పోలి రెక్కలు విప్పి దిగబోయింది.

"ఆగు!" అన్నాడు పునుగప్ప. వాసన అంతకుముందే వచ్చింది, పోలి గమనించలేదు. "ఏం చేస్తున్నావు?"

"పురుగండీ. తిందామని."

"నీ పని చూడటం."

"చూశానండీ."

"మళ్ళీ చూడు. హద్దు దాటిందో లేదో చూడు. దాటితే పైకి చెప్పు, పైనుంచి ఇంకా పైకి వెళ్తుంది, అక్కణ్ణుంచి అనుమతి కిందికి వస్తుంది. అనుమతి లేకుండా తింటే అది పర్యవేక్షణ కాదు, భోజనం."

"హద్దు ఎంతండీ?"

"దాని కోసమే సభ కూర్చుంది."

పునుగప్ప వెళ్ళిపోయాక కిందనుంచి గొంతు వినబడింది. "బతికించారు తల్లీ."

పురుగు కాయలోంచి తల తీసి పైకి చూస్తోంది. ముక్కూ మొహం అంతా కందిపిండి. "నా పేరు పచ్చయ్య. మీరు కొత్తగా వచ్చారని తెలిసింది. ఇంతకుముందు ఈ చేలో క్షణం గుండె నిబ్బరం ఉండేది కాదు. ఏ పిట్ట ఎటునుంచి వస్తుందో తెలిసేది కాదు. ఇప్పుడు మీరంతా ఎక్కడ కూర్చున్నారో చక్కగా కనబడుతున్నారు. మా బంధువులందరికీ కబురు పెట్టాను, గట్టు మీద బంతి పూలల్లో ఎందుకు అగచాట్లు పడతారు, ఇటు వచ్చేయండని."

"నిన్ను తినాలి నేను" అంది పోలి.

"తప్పకుండా. అనుమతి రానివ్వండి, నేనే వచ్చి నిలబడతాను."

ఇంతలో గోరింకల గుంపొకటి చేను మీద వాలబోయింది. పోలి డేగ గొంతుతో అరిచింది. గోరింకలు ఎగిరిపోయాయి. గట్టు దాటబోయిన కప్పను కూడా వెనక్కి పంపింది. "అక్కా, నేను తినేది పురుగులే కదే" అని కప్ప బతిమాలింది. "కొయ్య ఉందా నీకు?" అంది పోలి. తన గొంతు తనకే ముచ్చటేసింది.

చీకటి పడుతుండగా గూటికి వెళ్ళింది. కత్తెరయ్య అలిసిపోయి రెక్కలు వేలాడేసి కూర్చున్నాడు. పిల్లలు నోళ్ళు తెరిచి గోల చేస్తున్నాయి.

"ఏం తెచ్చావే?" అన్నాడు.

"మొదటి రోజే పెద్దాయన స్వయంగా వచ్చి నాతో మాట్లాడారు తెలుసా?"

"పిల్లలకేం తెచ్చావంటున్నా."

"హోదా తెచ్చాను" అంది పోలి.

"అయితే నోట్లో పెట్టు. మింగుతారేమో చూద్దాం."

అలా మొదలైంది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పోలి కొయ్య మీద. కత్తెరయ్య ఒక్కడే ఎంత తిరిగినా ఇన్ని నోళ్ళకు చాలడం లేదు. అందరిలోకీ చిన్నపిల్ల చిట్టిగాడు. మిగిలినవాళ్ళు తోసుకుని ముందుకొస్తే వాడు వెనక ఉండిపోయేవాడు. మొదట్లో గోల పెట్టేవాడు. తరవాత గొంతు రాలేదు, ఊరికే నోరు తెరిచేవాడు.

పోలి ఒకసారి తెగించింది. చుట్టూ చూసింది, వాసన కూడా చూసింది. గభాల్న దిగి పచ్చయ్యను ముక్కున కరుచుకుంది. పచ్చయ్య గింజుకోలేదు. ముక్కులోంచే నెమ్మదిగా, "అమ్మా, రేపు ఎవరైనా మామూలు పిట్ట ఇలాంటి పని చేస్తే మీరు ఏ ముఖం పెట్టుకుని తరుముతారు?" అన్నాడు.

పోలికి సిగ్గేసింది. తెచ్చి ఆకు మీద పెట్టేసింది. "ఎక్కడా దెబ్బ తగల్లేదు కదా?" అని కూడా అడిగింది. అడిగినందుకు ఆ సాయంత్రం అంతా తన ముక్కుని తనే చెట్టుకేసి కొట్టుకుంది.

అక్కడ సభలో హద్దు తేలడం లేదు. పొలంబడి కాకిగారికి మొక్కకు ఎన్ని పురుగులో గుర్తు లేదు. అడవిపంది తన వేళ్ళతో లెక్కించగలిగినన్ని ఉండాలన్నాడు. ఏనుగు తాతయ్య తన తొండంతో లాగితే ఎక్కువ పురుగులు, తక్కువ ఆకు వచ్చినప్పుడు హద్దు అన్నాడు. నెమలయ్య, "హద్దు అనేది చాలా సున్నితమైన విషయం" అన్నాడు. అది ఎవరికీ అర్థం కాలేదు కనుక అందరూ తలలూపారు. ఆఖరుకు పునుగప్ప లేచి అందరికీ నచ్చే మాట చెప్పాడు.

"మన అధ్యక్షుల వారి కంటికి ఎప్పుడు పురుగు కనబడితే అప్పుడు హద్దు దాటినట్టు."

దొరగారు ఆ గౌరవానికి కరిగిపోయి ఏడ్చేశారు. ఏడవడంతో ఉన్న చూపు కూడా మసకబారింది.

ఈలోగా చెవులమ్మ ఒక రోజు పోలి కొయ్య కిందకు వచ్చింది. చెవులు నేలకు వేలాడుతున్నాయి. చేతిలో ఒక కందికాయ ఉంది. ఒలిచి చూపించింది. లోపల గింజ లేదు, పురుగు పెంట ఉంది.

"పోలమ్మా, నువ్వు మొన్న మొన్నటిదాకా గేదె మీదనుంచి ఇటొచ్చి నాలుగు పురుగులు తినిపోయేదానివి. గోరింకలు వచ్చేవి. చేను ఏదో గట్టెక్కేది. ఈ కొయ్యలేంటో వచ్చాక ఒక్క పిట్టా నేలకు దిగడం లేదు. ఎండాకాలం ఏం తింటామే?"

"నాకు మాత్రం బాధ లేదా చెవులమ్మా? పైకి చెప్పుకో. సభ వారు నిర్ణయిస్తారు. ఇది నా పరిధిలో లేదు."

అనేసి పోలి ఉలిక్కిపడింది. ఆ గొంతు పునుగప్పది. అన్ని గొంతులూ అనుకరించడం తెలిసినదే గానీ, ఇది ఎప్పుడు నేర్చుకుందో తనకే తెలియలేదు. చెవులమ్మ కాయను బురదలో పారేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

చివరికి దొరగారే స్వయంగా తనిఖీకి వస్తున్నారని తెలిసింది. అడవంతా కదిలింది. దొరగారు ముందు, ఏనుగు తాతయ్య పక్కన, వెనక మందీ మార్బలం. చేను మధ్యలోంచి నడిచి వచ్చారు కనుక ఆ దారిలో ఉన్న మొక్కలకు పురుగు సమస్య ఆ రోజుతో శాశ్వతంగా తీరిపోయింది.

"ఇవాళ కనబడుతుంది. కనబడక ఏం చేస్తుంది? చేనంతా పురుగే. హద్దు దాటిందంటారు, తినమంటారు, ముందు చిట్టిగాడికి ఒకటి" అనుకుంది పోలి. కొయ్య మీద నిటారుగా నిలబడింది.

దొరగారు చేనుకేసి చూశారు. అటూ ఇటూ తల తిప్పారు. కళ్ళు చికిలించారు.

"కనబడిందాండీ?" అన్నాడు పునుగప్ప.

"ఆహా! కనబడిందయ్యా!" అన్నారు దొరగారు.

పోలి దిగడానికి రెక్కలు విప్పింది.

"ఇంత పచ్చని చేను నా జన్మలో చూడలేదు!"

నిజమే. చేను పచ్చగానే ఉంది. ఆకు ఎప్పుడో అయిపోయింది. ప్రతి పుల్ల మీదా, ప్రతి ఈనె మీదా, ఒకదాని పక్కన ఒకటి, పచ్చపురుగులు ఒత్తుగా సర్దుకుని ఉన్నాయి. గాలి లేకపోయినా చేను మెల్లగా కదులుతోంది.

"గాలికి ఎలా ఊగుతోందో చూడండి" అన్నారు దొరగారు మురిసిపోతూ. "ఒక్క పురుగైనా కనబడలేదు. ఇదంతా శాఖ చలవే."

పునుగప్ప ఒక్క క్షణం నోరు తెరిచి, మూసి, నమస్కారం పెట్టాడు. చప్పట్లు మోగాయి. గుడ్లగూబ చప్పుడుకు లేచి, తనకే అనుకుని తల వంచి మళ్ళీ పడుకున్నాడు. నెమలయ్య పురి విప్పాడు. అక్కడికక్కడే సన్మానం. చేను తరఫున కూడా ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడితే బాగుంటుందని ఎవరో అన్నారు. పచ్చయ్యను తెచ్చి ఒక రాయి మీద నిలబెట్టారు.

"మొలకెత్తిన కంది కొమ్మ అనుకుంటాను, ఎంత వినయం!" అన్నారు దొరగారు ఆయన్ని చూసి.

"ఇంకొక శుభవార్త" అన్నాడు పునుగప్ప. "చివరి కొయ్య మీద ఉన్న పోలి అనే అమ్మాయి కష్టపడి పనిచేసింది. ఒక్క అనధికార పిట్టను కూడా చేలో దిగనివ్వలేదు. ఆమెకు నెమలయ్య గారి పక్కన పొడుగు కొయ్య ఇస్తున్నాం. పర్మనెంటు."

పర్మనెంటు! దూరంగా కొమ్మ మీద పావురం పిన్ని రెక్కలు టపటపలాడించడం పోలికి కనబడింది. ఇన్నాళ్ళూ దీని కోసమే కదా. నమస్కారం పెట్టబోయింది.

అప్పుడు కత్తెరయ్య వచ్చాడు. సభనూ దొరనూ చూడలేదు. పోలి పొట్టి కొయ్యకు ఉన్న ఆ ఒక్క అడ్డకర్ర మీద పక్కనే ఇరుక్కుని వాలాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"పోలీ, చిట్టిగాడు నోరు తెరవడం లేదే."

రాయి మీద పచ్చయ్య ప్రసంగం సాగుతోంది. "ఈ శాఖ లేకపోతే మేము లేము. మా తాతల కాలంలో పిట్ట అంటే మృత్యువు. ఈనాడు పిట్ట అంటే..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. పోలి కొయ్య మీదనుంచి నల్లటి రాయిలాగా పడింది. లేచేసరికి ముక్కులో పచ్చయ్య ఉన్నాడు. ఈసారి ఆయన ఏదో నీతి చెప్పబోయాడు గానీ పోలి వినలేదు. మోదుగ చెట్టు మీది గూటికి వెళ్ళింది. చిట్టిగాడి ముక్కుని తన ముక్కుతో తెరిచింది. పచ్చయ్యను మెత్తగా నలిపి, కొంచెం కొంచెంగా లోపలికి తోసింది. వాడి గొంతు కదలలేదు. మళ్ళీ తోసింది. గొంతు ఒకసారి కదిలింది. కాసేపటికి వాడు కన్ను తెరిచి, నోరు తెరిచి, గీ అన్నాడు.

పోలి జన్మలో విన్న సన్మానం అదొక్కటే.

వెనక్కి వచ్చేసరికి చేలో గగ్గోలుగా ఉంది. "డ్యూటీలో భోజనం! అదీ వేదిక మీద అతిథిని!" అని పునుగప్ప కేకలేస్తున్నాడు. పోలి తన కొయ్య మీద వాలి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్ళూ డేగ గొంతుతో తరిమిన పిట్ట, ఇప్పుడు గోరింక గొంతుతో కూసింది. గోరింకలకు తిండి దొరికితే చుట్టాలందరినీ పిలుచుకునే కూత అది.

గోరింకలు వచ్చాయి. గోరింకల్ని చూసి పాలపిట్టలు, పాలపిట్టల్ని చూసి కొంగలు, వాళ్ళందరి కాళ్ళ సందుల్లోంచి కప్పలు వచ్చాయి. ఒక్కరి దగ్గరా కొయ్య లేదు. అందరూ నేల మీదే నిలబడి తిన్నారు. గుడ్లగూబ కూడా లేచి, తను పుట్టింది ఎందుకో గుర్తొచ్చినట్టు, కళ్ళు మూసుకునే రెండు తిన్నాడు. నెమలయ్య మాత్రం కదల్లేదు. అంత ఎత్తునుంచి దిగితే ఈకలు నలుగుతాయి, పైగా మళ్ళీ ఎక్కేసరికి ఎవరు కూర్చుంటారో తెలియదు.

పొద్దు వాలేసరికి, నెమలయ్య కొయ్య కింద తప్ప, చేలో పురుగు లేదు. ఉన్నవి ఎండుపుల్లలు, వాటి కొసల్లో అక్కడక్కడా మిగిలిన కాయలు. చెవులమ్మ ఒక కాయ ఒలిచి చూసింది. గింజ ఉంది. ఏడుస్తూ నవ్వింది.

దొరగారు తిరుగుప్రయాణానికి లేచి చేనుకేసి మరొకసారి చూసుకుందామని తల తిప్పారు. నిర్ఘాంతపోయారు.

"ఏదయ్యా పచ్చదనం? పొద్దున నా కళ్ళతో చూసిన పచ్చదనం ఏమైంది?"

అందరూ పిట్టలకేసి చూశారు.

విచారణకు ఎంతోసేపు పట్టలేదు. పచ్చగా ఊగుతున్న చేనుని పిట్టలు వచ్చి పుల్లలు చేశాయనడానికి సాక్షాత్తూ అధ్యక్షుల వారే సాక్షి. పోలిని శాఖలోంచి తీసేశారు. కొయ్య లేని పిట్టల్ని ఆపలేకపోయింది కనుక శాఖను మరింత బలపరచాలని తీర్మానించారు. బలపరచడం అంటే కొయ్యల ఎత్తు పెంచడం. పొట్టి కొయ్య వల్లే ఇంత ముప్పు వచ్చిందని, అసలు అంత కిందనుంచి చూస్తే ఎవరికైనా పురుగే కనబడుతుందని పునుగప్ప వివరించాడు. పొలంబడి కాకిగారు ఏదో చెప్పబోయారు గానీ, అప్పుడే అల్పాహారం వచ్చింది.

పోలి మళ్ళీ గేదె వీపెక్కింది. పావురం పిన్ని వెతుక్కుంటూ వచ్చి, "ఏం చేస్తున్నావే పిల్లా ఇప్పుడు?" అంది. గొంతులో జాలి, జాలి వెనక కులాసా.

"గేదె మీద కూర్చుంటున్నాను పిన్నీ."

"అయ్యో, పర్మనెంటు కూడా అన్నారే!"

"గేదె నన్ను చూడమనదు పిన్నీ. తిననిస్తుంది" అంది పోలి, గడ్డిలోంచి లేచిన మిడతను గాల్లోనే అందుకుంటూ. పక్కన చిట్టిగాడు ఎగరడం నేర్చుకుంటూ రెండుసార్లు గేదె తోక మీద పడ్డాడు.

చెవులమ్మ మరుసటి ఏడు చేనుతో పాటు, వాగుకు అవతల తన బొరియ దగ్గర చిన్న మడి ఒకటి విడిగా విత్తుకుంది. అందులో ఒక వంకర పుల్ల గుచ్చింది. "ఇది కొయ్య కదూ?" అని పునుగప్ప వచ్చి అడిగితే, "కాదండీ, కర్ర" అంది. కర్ర అయితే హోదా లేదు కనుక ఆయన వదిలేశాడు. పోలి వీలున్నప్పుడల్లా దాని మీద వాలుతుంది, దిగుతుంది, మళ్ళీ వాలుతుంది.

సభ వారి చేలో మాత్రం పచ్చపురుగులు మళ్ళీ సుభిక్షంగా ఉన్నాయి. ఆ రోజు నెమలయ్య కొయ్య కింద ఉన్నవి ఒక్కటీ పోలేదు. మట్టిలో దిగి, గూడు కట్టి, రెక్కలొచ్చి, సంతానంతో తిరిగి వచ్చాయి. ఈ కథ నాకు తెలిసింది కూడా వాటి వల్లే. వాటి బడిలో ఇది మొదటి పాఠం. పచ్చయ్య తాతగారు ప్రసంగం మధ్యలో అమరుడైన ఘట్టం రాగానే పిల్లపురుగులన్నీ లేచి నిలబడతాయి. ఆ తరవాత పంతులు పురుగు నీతి చెప్పి, అందరి చేతా అప్పజెప్పించుకుంటాడు.

నీతి: ఆకలితో ఉన్న పిట్ట ఎదురైతే పారిపోకండి, వెంటనే దానికో ఉద్యోగం ఇప్పించండి.